అమ్మకు నిద్ర పట్టడం లేదు, నేను సైకాలజీ చదవనా?

గుంటూరు నుంచి ఒకమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది. ఉత్తరమంతా ఇక్కడ ఇవ్వలేను కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 26 ఏళ్లు. బీకాం అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో చేరి నాలుగేళ్లవుతోంది. జీతం 18 వేలు. కౌంటర్‌కి ఎదురుగానే సైకియాట్రీ ఓపీ. అక్కడికొచ్చేవాళ్లు బిల్లు కట్టేటప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకుని నిలబడతారట. రసీదు మీద డిపార్ట్‌మెంట్ పేరు లేకుండా ఇవ్వగలరా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతారట. వాళ్లను రోజూ చూడగా చూడగా ఆమెకు సైకాలజీ మీద మనసు పడింది. ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో ఎం.ఏ. చేద్దామని కొంచెం డబ్బు కూడబెట్టింది. తీరా చేరదామనుకునేసరికి దూరవిద్యలో ఆ కోర్సు ఆపేశారని తెలిసింది. ఇంతలో ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. మూడు నెలల ఆన్‌లైన్ డిప్లొమా, ఫీజు 35 వేలు, ‘ఇంట్లో కూర్చునే సర్టిఫైడ్ సైకాలజిస్ట్ అవ్వండి’ అని. నెలాఖరులోపు చేరితే పది వేలు తగ్గింపు.

వాళ్ల నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. సంబంధాలు చూస్తున్నారు. ‘పిచ్చోళ్లతో నీకేం పని’ అన్నది ఆయన మాట. బావగారైతే ‘ఆ చదువు పూర్తయ్యేసరికి నిన్నే వైజాగ్ మెంటల్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి’ అని జోకులు.

చివరి పేజీలో, ‘ఇట్లు’ అని రాయడానికి ముందు, వాళ్లమ్మగారి గురించి ఆరు లైన్లున్నాయి. 2021లో కోవిడ్‌తో పెద్దమ్మ పోయింది. ఆఖరి చూపు దక్కలేదు. అప్పటి నుంచి అమ్మకు సరిగ్గా నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి, వంటింట్లో లైటు వేసుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటుంది. ‘ఇప్పుడు మేం కొనే బియ్యంలో రాళ్లే ఉండవు మేడం. అయినా ఏరుతుంది. నేను సైకాలజీ చదివితే అమ్మను నేనే బాగుచేసుకోవచ్చు కదా’ అని రాసింది.

ఇక నా జవాబు.

అమ్మా, నెలాఖరు దగ్గరపడుతోంది కాబట్టి ముందు ఆ 35 వేల సంగతి చూద్దాం. ఆ డబ్బు కట్టకండి. మిగతా విషయాల్లో మీకు రెండు మూడు దారులు చూపిస్తాను, ఏది మంచిదో మీరే ఆలోచించుకోవచ్చు. దీంట్లో మాత్రం ఆలోచించేదేం లేదు. మూడు నెలల డిప్లొమా చేసినవాళ్లను సైకాలజిస్ట్ అనరు. అది ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు. సరదాగా తెలుసుకోవడానికి నేర్చుకుంటానంటే అది వేరే సంగతి, కానీ దానికైనా 35 వేలు అక్కర్లేదు. ఇగ్నో వాళ్ల ఎం.ఏ. సైకాలజీ పాఠాలు ఈ-జ్ఞానకోశ్ అనే సైట్‌లో ఊరికే దొరుకుతాయి. రోజూ డ్యూటీ అయ్యాక ఒక గంట అవి చదవండి. ఇష్టమైన చాప్టర్లతో ఆపకుండా స్టాటిస్టిక్స్ పేపర్ కూడా తెరవండి. రెండు నెలల తరవాత కూడా తెరవబుద్ధి అవుతోందంటే మీ ఇష్టం మీద నాకు కొంచెం నమ్మకం కుదురుతుంది.

దూరవిద్య గురించి మీరు విన్నది నిజమే. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలు ఆపేయమని యూనివర్సిటీలపై అజమాయిషీ చేసే యూజీసీ వాటికి చెప్పింది. దీని వెనక 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఉంది. ఫిజియోథెరపీ లాంటి వృత్తులతో పాటు సైకాలజిస్టులు కూడా దాని కిందికి వచ్చారు. ఆసుపత్రిలో చేసే పనిని పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పకూడదన్నది వాళ్ల ఉద్దేశం. ఆ మాటలో తప్పు పట్టలేను. కాకపోతే మీలా పగలంతా ఉద్యోగం చేసుకునే అమ్మాయిలకు ఉన్న ఒక్క కిటికీ కూడా మూసుకుపోయింది. దానికి బదులు ఇంకో కిటికీ తెరిస్తే బాగుండేది. ఎవరైనా ఏజెంటు ‘పాత తేదీతో అడ్మిషన్ ఇప్పిస్తాం’ అంటే మాత్రం ఆ గడప తొక్కకండి.

అసలు మీరు ఏమవ్వాలనుకుంటున్నారో మీ ఉత్తరంలో నాకు సరిగ్గా తేలలేదు. ఒకచోట ‘డాక్టర్ లాగా’ అన్నారు, ఒకచోట ‘కౌన్సెలర్’ అన్నారు. మీ కౌంటర్ ఎదురుగా గదిలో కూర్చునేది సైకియాట్రిస్ట్. ఎంబీబీఎస్ చేసి, ఆపైన సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాసేది ఆయనే. ఎంత చదివినా సైకాలజిస్ట్ మందులు రాయకూడదు. క్లినికల్ సైకాలజిస్ట్ చేసేది పరీక్షలతో మనిషి స్థితిని అంచనా వెయ్యడం, వారాల తరబడి కూర్చుని మాటల ద్వారా చికిత్స చెయ్యడం. ఈ పేరు ఎవరు పెట్టుకోవచ్చో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసే ఉంది. ఎం.ఏ. ఒక్కటే చాలదు. భారత పునరావాస మండలి, అందరూ ఆర్‌సీఐ అంటారు, వాళ్లు ఆమోదించిన క్లినికల్ శిక్షణ ఉండాలి, వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఉండాలి.

ఇన్నాళ్లూ దానికి దారి ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీలో 55 శాతం తెచ్చుకుని, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి చోట్ల ఒక్కో సీటుకి దేశమంతా పోటీ. ఇప్పుడు ఆ దారి కూడా మలుపులో ఉంది. యూజీసీ ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేసి, క్లినికల్ సైకాలజీ లాంటి ఒకటి రెండు కోర్సులకు మాత్రం 2025-26 వరకు ప్రవేశాలకు గడువిచ్చింది. దాని స్థానంలోకి ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సైడీ (PsyD) అనే డాక్టరేట్ లాంటి కోర్సులను ఆర్‌సీఐ తీసుకొచ్చింది. కాబట్టి అయిదేళ్ల కిందట చదివిన మీ ఫ్రెండ్ వాళ్ల అక్క చెప్పిన లెక్క మీకు పనికిరాదు. కాలేజీ బ్రోషర్‌లో ఏం రాసుకున్నా సరే, మీరు చేరే ఏడాది ఆర్‌సీఐ సైట్‌లో ఆ కాలేజీకి ఆ కోర్సు ఆమోదం ఉందా లేదా మీరే కళ్లతో చూసుకోండి.

ఇందులో మీ ముందున్న మొదటి దారి, ఉద్యోగం మానేసి రెగ్యులర్ ఎం.ఏ.లో చేరడం. ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. తెలంగాణ సీపీగెట్ ద్వారా ఉస్మానియా ఉంది. (ఆంధ్రా యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ పేరు ‘సైకాలజీ అండ్ పారాసైకాలజీ’. పేరు విని మీ బావగారు ఇంకో జోకు వేస్తారు, సిద్ధంగా ఉండండి.) చాలాచోట్ల బీకాం వాళ్లను కూడా తీసుకుంటారు, కొన్నిచోట్ల డిగ్రీలో సైకాలజీ ఉండాలంటారు. నోటిఫికేషన్లో అర్హత కాలమ్ ముందు చూడండి. యూనివర్సిటీలో ఫీజు కన్నా అసలు ఖర్చు వేరే ఉంది. రెండేళ్లు జీతం రాదు. మీ 18 వేల లెక్కన అదే 4 లక్షల 32 వేలు. హాస్టల్, మెస్ అదనం. తరవాత క్లినికల్ శిక్షణకు ఇంకో రెండేళ్లు. సీటు మొదటిసారే వస్తుందన్న హామీ లేదు. ముప్పై దాటాక గానీ మీ పేరు రిజిస్టర్‌లో చేరదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. నాన్నగారి ముందు కూర్చున్నప్పుడు ఈ అంకెలు ఆయన నోటి నుంచి కాక మీ నోటి నుంచి ముందు రావాలి.

రెండో దారి, ఎం.ఏ. దగ్గర ఆగి కౌన్సెలర్‌గా పనిచెయ్యడం. స్కూళ్లు, కాలేజీలు, డీఅడిక్షన్ సెంటర్లు, స్వచ్ఛంద సంస్థలు తీసుకుంటాయి. మొదట్లో జీతం ఇప్పుడు మీకొచ్చేదానికన్నా ఏమంత ఎక్కువ ఉండదు, అది తెలిసే దిగాలి. ఇందులో ఇంకో చిక్కుంది. కౌన్సెలర్ అన్న బోర్డు ఈ రోజుకీ ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. మూడు నెలల డిప్లొమా ఆయన పక్క గదిలోనే మీరూ కూర్చోవాల్సి రావచ్చు. రెండేళ్లు కష్టపడి చదివినవాళ్లకు అది మహా మంట. నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మీరు ఉత్తరంలో అడగని దారి ఒకటుంది. ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసి మానసిక వైద్య విభాగాల్లో సోషల్ వర్కర్‌గా వెళ్లడం. రోగి డాక్టర్ గదిలో ఉండేది పది నిమిషాలు. మిగతా రోజంతా ఇంట్లో ఏం జరుగుతోంది, మందులు ఎవరిస్తున్నారు, పింఛను ఎందుకు ఆగింది, మొగుడు ఎందుకు తీసుకెళ్లనంటున్నాడు, ఇవన్నీ పట్టించుకునేది సోషల్ వర్కరే. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ రసీదు సంగతి. ఆ మనిషి ఎందుకు గొంతు తగ్గించాడో మీరు పట్టుకున్నారు. ఆ చూపున్నవాళ్లకు ఈ పని సరిపోతుందని నాకనిపిస్తుంది. నా ఊహే అనుకోండి, కానీ ఒకసారి ఆలోచించండి.

చదువు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చేరాక చాలామంది నీరసపడిపోతారు. మనసులోని బాధలు వింటామని వెళ్తే ముందు చేతికి స్టాప్‌వాచ్ ఇస్తారు. నా ఎం.ఏ. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో అద్దం ప్రయోగం ఒకటుండేది. ఒక నక్షత్రం బొమ్మ, దానికి అడ్డంగా రేకు. చెయ్యి కనబడదు, అద్దంలో మాత్రమే కనిపిస్తుంది. అద్దంలో చూస్తూ గీత దాటకుండా నక్షత్రం చుట్టూ పెన్సిల్ తిప్పాలి. కుడికి వెళ్దామంటే చెయ్యి మొండికేస్తుంది, మూల దగ్గర అక్కడే గిలగిలా కొట్టుకుంటుంది. హాస్టల్ రూమ్మేట్‌ను బతిమాలి కూర్చోబెట్టి, ఎన్ని సెకన్లు, ఎన్ని తప్పులు అని రాసుకుని, గ్రాఫ్ గీసి, రికార్డ్ సబ్మిట్ చెయ్యాలి. అలాంటివి బోలెడు. స్టాటిస్టిక్స్ అంటే మా బ్యాచ్‌లో సగం మందికి జ్వరం. మీకది అంత కష్టం కాదు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం బీకాంలో చూసే ఉంటారు. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి. అదీ మెల్లగా అలవాటవుతుంది.

కానీ రోగులు ఇంగ్లిషులో బాధపడరు. ‘డిప్రెషన్’ అని ఎవరూ చెప్పరు. ‘తల బరువుగా ఉంటోంది’, ‘ఒళ్లంతా లాగేస్తోంది’, ‘గుండెలో దడ’, ‘నరాల వీక్‌నెస్ అంట’ అంటారు. మనకు ‘బెంగ’ అన్న మాట ఉంది చూడండి, దానికి సరిపోయే ఇంగ్లిషు మాట నాకు ఇన్నేళ్లలో దొరకలేదు. అమ్మమ్మ ఊరెళ్లిపోతే పిల్లాడు అన్నం మానేసి జ్వరం తెచ్చుకుంటాడు, బెంగ పెట్టుకున్నాడంటాం. మనసూ ఒళ్లూ రెండూ అందులో ఉన్నాయి. నాలుగేళ్లుగా మీరు కౌంటర్లో వింటున్నది ఈ భాషే. క్లాసులో ఎవరూ నేర్పరు, మీకు ముందే వచ్చు.

ఇప్పుడు అమ్మగారి విషయం. మీరు ఆరు లైన్లు రాశారు, నేను ఎక్కువే రాస్తాను.

మా క్లాసులో ఇరవై మందిమి ఉండేవాళ్లం. కాస్త చనువు పెరిగాక తేలిందేమిటంటే, అందులో చాలామందిమి ఇంట్లో ఎవరో ఒకరి కోసం వచ్చినవాళ్లమే. నేను మా తమ్ముడి కోసం. వాడు ఇంటర్ ఫెయిలై గదిలోంచి బయటికి రాని రోజులవి. నేనేం చేశానో తెలుసా? క్లాసులో ఏ చాప్టర్ జరిగితే ఆ వారం వాడికి ఆ జబ్బు ఉందనుకునేదాన్ని. సెలవులకు ఇంటికొచ్చి ప్రశ్నలు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఏం కలలొస్తున్నాయి, ఇది ఎన్నాళ్లనుంచి? ఒకరోజు భోజనాల దగ్గర ‘అక్కా, నాతో మామూలుగా మాట్లాడి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా’ అన్నాడు. చివరికి వాడిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది మా మేనమామ. సైకాలజీ గురించి ఆయనకు ఒక్క ముక్క తెలీదు. మందులు వాడాడు, కుదుటపడ్డాడు. ఈలోపు నా చదువు సాగుతోంది కదా అని మేం ఒక ఏడాది పోగొట్టుకున్నాం.

అందుకే చెబుతున్నాను. మీరు అనుకున్నట్టు అన్నీ జరిగినా మీ చేతికి అర్హత వచ్చేసరికి నాలుగైదేళ్లు. అంతవరకూ అమ్మ మూడింటికి లేచి బియ్యం ఏరుతూ ఉండాలా? పోనీ చదువు పూర్తయిందే అనుకుందాం, అప్పుడు కూడా మీరు ఆమెకు చికిత్స చెయ్యకూడదు. ఈ వృత్తిలో సొంతవాళ్లను చూడకూడదన్నది గట్టి నియమం. ఎందుకో నా కథే చెబుతుంది. కూతురి దగ్గర తల్లి అన్నీ చెప్పుకోలేదు. కూతురు కూడా బయటి మనిషిలా వినలేదు.

ఉత్తరం చూసి ఆమెకు ఫలానా జబ్బని నేను చెప్పను, చెప్పకూడదు. అక్క పోయిన దుఃఖం లోపలే ఉండిపోయి ఉండవచ్చు. థైరాయిడ్ ఉండవచ్చు, ముట్లు ఆగే వయసు ఇబ్బంది ఉండవచ్చు. కుంగుబాటు కావచ్చు, ఒకే పనిని మళ్లీ మళ్లీ చెయ్యకుండా ఉండలేని జబ్బు కావచ్చు. ఇన్ని ఉన్నాయి కాబట్టే డాక్టర్ చూడాలి. మీ ఆసుపత్రి మందుల కౌంటర్లో తెలిసినవాళ్లుంటారు కదా అని నిద్రమాత్రలు అడిగి పట్టుకెళ్లకండి. ఆ ఆలోచన మీకు వచ్చే ఉంటుంది, అందుకే ముందే అంటున్నాను.

తీసుకెళ్లడానికి దారులున్నాయి. ముందు మీ ఫ్యామిలీ డాక్టర్‌కో, జనరల్ ఫిజీషియన్‌కో చూపించి రక్తపరీక్షలు చేయించవచ్చు. అమ్మ అభ్యంతరం పెట్టదు, నాన్నగారూ కాదనరు. కానీ కొందరు ఫిజీషియన్లు విటమిన్ టాబ్లెట్లు రాసి పంపేస్తారు, అక్కడే ఆగిపోయే ప్రమాదముంది. ‘సైకియాట్రిస్ట్‌కి చూపించమంటారా’ అని మీరే నోరు తెరిచి అడగాలి. నేరుగా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ ఓపీకి వెళ్లవచ్చు. ఖర్చుండదు, కాకపోతే జనం, క్యూ, సగం రోజు పోతుంది. మీ ఆసుపత్రిలోనే చూపిస్తే పని త్వరగా అవుతుంది, కానీ తోటివాళ్లందరికీ తెలుస్తుంది. మీకు ఫర్వాలేకపోయినా అమ్మకు ఫర్వాలేదా అన్నది ఆమెనే అడగాలి. ఇవేవీ ఈ వారంలో కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చెయ్యండి, నంబర్ 14416. ఏ వేళయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ముందు మీరు మాట్లాడి అమ్మ సంగతి చెప్పినా సరే. ‘ఇంక బతికేం లాభం’, ‘అక్క దగ్గరికి పోతా’ లాంటి మాట ఒక్కటి ఆమె నోట వచ్చినా క్యూలూ ఖర్చులూ చూడకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆమెతో ఎలా చెప్పాలన్నది కష్టం, తెలుసు. ‘బలానికి మందులిచ్చే డాక్టర్’ అని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. గుమ్మం మీద బోర్డు చదవగానే తెలిసిపోతుంది, మళ్లీ మీ మాట నమ్మదు. నిద్ర గురించి మొదలుపెట్టండి. ఆమె బాధపడుతున్నది దాని గురించే, అది అబద్ధం కాదు. ఒకరోజు మీరూ మూడింటికి లేవండి. లైటు ఆర్పి పడుకోమని చెప్పడానికి కాదు, చేటకి ఇవతల కూర్చుని రెండు గుప్పెళ్లు మీరూ ఏరండి. పెద్దమ్మ గురించి ఆమె మాట్లాడితే వినండి. ‘అప్పుడేం చేసేది అమ్మా, ఊరంతా అలాగే ఉంది’ అని సర్దిచెప్పకండి. ఆ మాట ఆమె నాలుగేళ్లుగా అందరి దగ్గరా వినే ఉంటుంది.

ఇక నాన్నగారికి రెండు విషయాలూ ఒకేరోజు చెప్పకండి. అమ్మ వైద్యం ముందు. ‘పిచ్చోళ్లతో పనేంటి’ అన్న మనిషి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఓపీ బెంచీ మీద ఒక గంట గడిపితే, చుట్టూ ఉన్నది పిచ్చివాళ్లు కాదని మీరు చెప్పకుండానే చూస్తారు. మారకపోనూ వచ్చు, వాగ్దానం చెయ్యలేను. పెళ్లి విషయంలో మీకు అభ్యంతరం లేకపోతే, చదువు ఉందన్న సంగతి పెళ్లిచూపుల్లోనే మీ నోటితో చెప్పండి. ‘పెళ్లయ్యాక చదివిస్తాం’ అన్న మాటను నమ్మి ఆగిపోయినవాళ్ల ఉత్తరాలు నాకు నెలకు రెండైనా వస్తాయి.

పీజీసెట్ వచ్చే వేసవికి గానీ ఉండదు. ఈలోగా మీకు తగినంత సమయం ఉంది. అమ్మ వైద్యం మొదలై కొన్ని నెలలు గడిచి, ఆమె కాస్త నిద్రపోవడం మొదలుపెట్టాక మిమ్మల్ని మీరు మళ్లీ అడగండి, సైకాలజీ ఇంకా కావాలా అని. అప్పుడు వద్దనిపిస్తే అందులో సిగ్గుపడేదేం లేదు. 35 వేలు, రెండేళ్లు మిగిలినట్టే. అప్పటికీ కావాలనిపిస్తే నాకు మళ్లీ రాయండి. పరీక్షకు ఏం చదవాలో, హాస్టల్ ఖర్చు ఎలా కుదుర్చుకోవాలో అప్పుడు వివరంగా మాట్లాడదాం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక వారంపాటు చిన్న కాగితం మీద రాసుకోండి. అమ్మ ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, పగలు కునుకు తీసిందా, అన్నం ఎంత తింది, ఏ మందులు వాడుతోంది. అక్కడ పది నిమిషాల్లో ఇవన్నీ గుర్తురావు. మీ ఆసుపత్రిలోనే చూపించాలని అమ్మ ఒప్పుకుంటే, ఆ రోజు సెలవు పెట్టి ఆమెతో పాటు బెంచీ మీద కూర్చోండి. బిల్లు మీ పక్క సీటు అమ్మాయి కొడుతుంది. రసీదు మీద డిపార్ట్‌మెంట్ పేరు ఉంటే ఉండనివ్వండి.